పదిహేడేళ్ల చేతికి బండి తాళం: ముందు నేర్పాల్సింది ఏమిటి?

పదో తరగతి అయిపోయి పిల్లలు ఇంటర్‌లో చేరగానే చాలా ఇళ్లలో ఒక చర్చ మొదలవుతుంది. కాలేజీ దూరం. బస్సు టైముకు రాదు. ట్యూషన్ అయ్యేసరికి చీకటి పడుతుంది. ఇంట్లో చూస్తే స్కూటర్ పగలంతా ఖాళీగానే ఉంటుంది. చివరికి "వాడికి బండి బాగానే వచ్చుగా" అన్న మాటతో చర్చ ముగిసి, తాళం చేతులు మారుతుంది.

ఇక్కడ 'వచ్చు' అంటే బండి స్టార్ట్ చేయడం, బ్యాలెన్స్ చేయడం, మలుపు తిప్పడం, బ్రేకు వేసి ఆపడం. సైకిల్ తొక్కడం వచ్చిన పిల్లలకు ఇవన్నీ వారం పది రోజుల్లో పట్టుబడతాయి. అయితే కొత్తగా బండి ఎక్కినవారిని రోడ్డు మీద కాపాడేది ఈ చేతి పనితనం ఒక్కటే కాదని కొన్ని దశాబ్దాల పరిశోధనలు చెబుతున్నాయి. కేవలం ఈ పనితనాన్ని పెంచే శిక్షణ వల్ల కొన్నిచోట్ల మేలు కన్నా కీడే ఎక్కువ జరిగింది కూడా.

ముందు మన దేశం లెక్క చూద్దాం. కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది చనిపోయారు. మృతుల్లో 18 ఏళ్ల లోపువారు 9,528 మంది, అంటే రోజుకు సగటున 26 మంది. నడిచి వెళ్తున్నవారు, వెనక సీట్లో కూర్చున్నవారు, స్వయంగా బండి నడిపినవారు అందరూ ఈ లెక్కలో ఉన్నారు. మొత్తం మరణాల్లో దాదాపు 44 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారివే. ప్రపంచవ్యాప్తంగా చూసినా 5 నుంచి 29 ఏళ్ల మధ్య వయసువారి మరణాలకు మొదటి కారణం రోడ్డు ప్రమాదాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

వేగం లెక్క మన అంచనాకు అందదు

ఇంటర్ ఫిజిక్స్ పుస్తకంలో గతిజశక్తి సూత్రం ఉంటుంది: ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణించాలి. పరీక్షలో ఈ సూత్రం రాసి మార్కులు తెచ్చుకున్న విద్యార్థికే, బండి మీద కూర్చున్నప్పుడు దాని అర్థం తట్టదు. వేగం రెట్టింపైతే శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. ఆగడానికి ముందు బ్రేకులు ఆ శక్తినంతా వేడిగా మార్చి వదిలించుకోవాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీకు 27 మీటర్ల ముందు ఒక పిల్లవాడు రోడ్డు మీదికి పరుగెత్తాడు. ప్రమాదాన్ని గుర్తించి చేయి బ్రేకు మీదికి వెళ్లడానికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుందాం. పొడి రోడ్డు మీద మంచి బ్రేకులు సెకనుకు 6 మీటర్ల చొప్పున వేగాన్ని తగ్గిస్తాయనుకుందాం.

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ఆ ఒకటిన్నర సెకనులో బండి దాదాపు 17 మీటర్లు పోతుంది. బ్రేకు పడ్డాక ఇంకో 10 మీటర్లకు ఆగుతుంది. అంటే సరిగ్గా పిల్లవాడి ముందు ఆగుతుంది.

అదే గంటకు 60 కిలోమీటర్ల వేగమైతే బ్రేకు పడేలోపే బండి 25 మీటర్లు దాటేస్తుంది. మిగిలింది 2 మీటర్లు. ఆ కాస్త దూరంలో వేగం తగ్గేది ఎంత? లెక్క వేస్తే పిల్లవాడిని తాకేటప్పుడు బండి ఇంకా గంటకు 57 కిలోమీటర్ల వేగంతోనే ఉంటుంది. మీటరు మీద తేడా 20 కిలోమీటర్లే. ఫలితంలో తేడా మాత్రం ఒక ప్రాణం.

దీన్నే మరో విధంగా కూడా చెప్పుకోవచ్చు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దుకుంటే శరీరం మోసుకెళ్లే శక్తి, దాదాపు 6 మీటర్ల ఎత్తు నుంచి, అంటే రెండంతస్తుల పైనుంచి పడినప్పటి శక్తికి సమానం. 60 కిలోమీటర్లకు ఆ ఎత్తు 14 మీటర్లు. 80 కిలోమీటర్లకు 25 మీటర్లు, అంటే ఎనిమిది అంతస్తులు. ఎనిమిదో అంతస్తు బాల్కనీ అంచున నిలబడితే ఎవరికైనా కాళ్లు వణుకుతాయి. ఎత్తంటే భయం మనకు సహజంగానే వస్తుంది కానీ, వేగమంటే భయం అలా రాదు. దాన్ని నేర్చుకోవాల్సిందే, ఎవరో ఒకరు నేర్పాల్సిందే.

వెనక కూర్చున్న స్నేహితులు

"మావాడు చాలా జాగ్రత్తపరుడు" అని తల్లిదండ్రులు చెప్పేది తరచూ నిజమే. అయితే వాళ్లు చూసింది ఒంటరిగా నడుపుతున్న లేదా తండ్రిని వెనక కూర్చోబెట్టుకున్న పిల్లవాడిని. స్నేహితులు వెంట ఉన్నప్పుడు అదే పిల్లవాడు ఎలా నడుపుతాడో వాళ్లు చూసే అవకాశం ఉండదు.

అమెరికాలో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ తేడానే పరీక్షించారు. వారి అధ్యయనం 2005లో వెలువడింది. కంప్యూటర్ ఆటలో ఒక కారు వెళ్తుంటుంది, పసుపు లైటు పడుతుంది. ఎంత దూరం వెళ్తే అన్ని పాయింట్లు. అయితే ఏ క్షణంలోనైనా ముందు గోడ లేవచ్చు, అప్పటికి కారు ఆగకపోతే పాయింట్లన్నీ పోతాయి. ఒంటరిగా ఆడినప్పుడు, తోటివాళ్లు పక్కన ఉన్నప్పుడు ఆటగాళ్ల తీరును పోల్చారు. 24 ఏళ్లు దాటినవారిలో తేడా కనిపించలేదు. 13 నుంచి 16 ఏళ్లవారు మాత్రం తోటివాళ్ల ముందు చాలా ఎక్కువ తెగింపు చూపారు. 18 నుంచి 22 ఏళ్లవారిలోనూ తెగింపు పెరిగింది.

ఆ తర్వాత 2011లో వెలువడిన మరో అధ్యయనంలో ఇలాంటి ఆటనే ఎంఆర్ఐ స్కానర్‌లో పడుకోబెట్టి ఆడించారు. స్నేహితులు పక్క గదిలో నుంచి చూస్తున్నారని తెలిసినప్పుడు టీనేజీ పిల్లల మెదడులో బహుమతికి స్పందించే భాగాలు, ముఖ్యంగా వెంట్రల్ స్ట్రయాటం, ఎక్కువగా చురుకయ్యాయి. పెద్దవారిలో ఆ తేడా లేదు. ఆవేశానికి కళ్లెం వేసి పర్యవసానాలు ఆలోచించే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ పూర్తిగా పరిణతి చెందడానికి పాతికేళ్ల వయసు దాకా పడుతుంది. ఆ లోపు ఉత్సాహం వైపు మొగ్గు ఎక్కువ. ఇది పెంపకంలో లోపం కాదు, ఎదుగుతున్న మెదడు లక్షణం.

ప్రయోగశాలలో కనిపించిన ఈ ధోరణి రోడ్డు మీద కూడా కనిపిస్తుంది. అమెరికాలో జరిగి 2000లో ప్రచురితమైన ఒక పరిశీలన ప్రకారం, 17 ఏళ్ల డ్రైవరు ఒంటరిగా ఉన్నప్పటితో పోలిస్తే ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువమందిని ఎక్కించుకున్నప్పుడు ప్రమాదంలో చనిపోయే అవకాశం దాదాపు మూడు రెట్లైంది.

అది కార్ల లెక్క. మన దగ్గర స్కూటర్ మీద ముగ్గురు ఎక్కినప్పుడు దీనికి బరువు కూడా తోడవుతుంది. 110 కిలోల బండి మీద 50 కిలోల వ్యక్తి ఒక్కరే ఉంటే మొత్తం 160 కిలోలు. ముగ్గురైతే 260 కిలోలు. అదే వేగానికి బ్రేకులు వదిలించుకోవాల్సిన శక్తి 60 శాతానికి పైగా పెరుగుతుంది. పైగా భారం వెనక్కి జరిగి ముందు చక్రం తేలికపడుతుంది, హ్యాండిల్ పట్టు తగ్గుతుంది. ఒక్కడే నడిపినప్పుడు చేతికి అలవాటైన బండి ఇప్పుడు వేరేలా ప్రవర్తిస్తుంది.

కళ్లు ఎక్కడ చూస్తున్నాయి?

కొత్త డ్రైవరుకూ అనుభవజ్ఞుడికీ చేతుల్లో కన్నా కళ్లలోనే ఎక్కువ తేడా ఉంటుంది. 1972లో అమెరికాలో మౌరంట్, రాక్‌వెల్ అనే పరిశోధకులు డ్రైవర్ల కంటి కదలికలను రికార్డు చేశారు. కొత్తవారి చూపు బండికి దగ్గరగా, రోడ్డు అంచు మీద నిలిచిపోతోంది. అద్దాలను తక్కువగా చూస్తున్నారు. అనుభవం ఉన్నవారి చూపు దూరంగా, ఇటూ అటూ తిరుగుతూ ఉంది. ఎక్కడ నుంచి ఏం రావచ్చో వాళ్లు ముందే వెతుకుతున్నారు.

మన రోడ్ల మీద ఆ వెతుకులాట ఎలా ఉంటుందో చూడండి. స్టాపులో ఆర్టీసీ బస్సు ఆగింది. కొత్తగా నడిపేవాడికి కనిపించేది బస్సు, దాని పక్కన ఖాళీ. అనుభవజ్ఞుడికి ఇంకోటి కూడా తోస్తుంది: దిగినవాళ్లు బస్సు ముందు నుంచి రోడ్డు దాటతారు. కాబట్టి ఎవరూ కనిపించకముందే వేగం తగ్గిస్తాడు. డివైడర్ మధ్య ఖాళీ కనిపిస్తే అక్కడ ఎవరో ఒకరు యూ టర్న్ తీసుకుంటారని, రాంగ్ రూట్‌లో ఇంకొకరు రావచ్చని అనుకుంటాడు. పంట కాలంలో పల్లె రోడ్ల మీద వడ్లు ఆరబోసి ఉంటాయని, గింజల మీద టైరు జారుతుందని తెలుసు. తొలకరి చినుకులకు రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి జారుడుగా మారుతుందని తెలుసు. రాత్రి పూట వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ చీకట్లో ఆగి ఉండవచ్చనీ తెలుసు.

ఈ నైపుణ్యాన్ని ప్రమాదాన్ని ముందే పసిగట్టడం అంటారు. పై లెక్కలో ఒకటిన్నర సెకను చూశాం కదా. పసిగట్టడం వచ్చినవాడు ఆ సమయాన్ని ముందే సంపాదించుకుంటాడు. ఇది సాధనతో వస్తుంది, పరీక్షించడానికి కూడా వీలవుతుంది. బ్రిటన్ 2002 నవంబరు నుంచి లైసెన్సు థియరీ పరీక్షలో దీన్ని చేర్చింది. రోడ్డు వీడియోలు చూపిస్తారు, ప్రమాదం రూపు కడుతున్నట్టు అనిపించగానే అభ్యర్థి మౌస్ నొక్కాలి. ఎంత ముందుగా గుర్తిస్తే అన్ని మార్కులు.

శిక్షణ ఎదురు తిరిగిన సందర్భాలు

డ్రైవింగ్ నేర్పితే ప్రమాదాలు తగ్గుతాయన్నది వినడానికి సహజంగానే ఉంటుంది. దీన్ని నిజంగా పరీక్షించిన పెద్ద ప్రయోగం అమెరికాలోని జార్జియా రాష్ట్రం డికాల్బ్ కౌంటీలో 1970ల చివర్లో మొదలైంది. దాదాపు 16,000 మంది హైస్కూలు విద్యార్థులను మూడు బృందాలుగా చేశారు. ఒక బృందానికి ఎంతో వివరమైన కోర్సు, ఇంకోదానికి లైసెన్సుకు సరిపడా కోర్సు, మూడోదానికి స్కూల్లో ఏ శిక్షణా లేదు. వివరమైన కోర్సు వల్ల మొదటి కొన్ని నెలల్లో స్వల్ప ప్రయోజనం కనిపించినా అది నిలవలేదు. స్కూల్లో నేర్చుకున్నవారు లైసెన్సు త్వరగా తీసుకుని, చిన్న వయసులోనే రోడ్డెక్కడం దీనికి ఒక కారణం.

నార్వేలో ఇంకా ఆశ్చర్యకరమైన ఫలితం వచ్చింది. జారే రోడ్డు మీద బండిని అదుపు చేయడం కొత్త డ్రైవర్లకు నేర్పారు. 1980ల్లో ఫలితాలు పరిశీలిస్తే ఆ శిక్షణ పొందిన యువకుల్లో జారుడు రోడ్ల ప్రమాదాలు పెరిగాయి. ఎందుకలా? స్వీడన్‌లో నీల్స్ పీటర్ గ్రెగర్సన్ 1996లో ప్రచురించిన ప్రయోగం దీనికి కొంత జవాబిచ్చింది. ఒక బృందానికి జారినప్పుడు బండిని ఎలా కాపాడుకోవాలో నేర్పారు. ఇంకో బృందానికి, అలాంటి పరిస్థితిలో తమ చేతుల్లో ఏమీ ఉండదన్న సంగతి అనుభవంలోకి వచ్చేలా చేశారు. వారం తర్వాత చూస్తే రెండు బృందాల అసలు నైపుణ్యంలో తేడా లేదు. మొదటి బృందం మాత్రం తమకు ఎక్కువ వచ్చని నమ్మింది. అలా నమ్మినవాడు మలుపులో వేగం తగ్గించడు.

అలాగని శిక్షణ దండగ అనుకోనక్కర్లేదు. దేనికి శిక్షణ, ఎంతసేపు అన్నవే అసలు ప్రశ్నలు. 1993లో స్వీడన్ సాధన మొదలుపెట్టే వయసును పదిహేడున్నర నుంచి 16కు తగ్గించింది. లైసెన్సు వయసును మాత్రం 18 దగ్గరే ఉంచింది. దీంతో పిల్లలకు తల్లిదండ్రుల పక్కన కూర్చుని కారు నడిపే సమయం పెరిగింది. ఈ వెసులుబాటును వాడుకున్నవారు సగటున 120 గంటల దాకా సాధన చేశారు, అంతకుముందు సగటు 50 గంటలు కూడా లేదు. లైసెన్సు వచ్చాక వారిలో ప్రమాదాల ముప్పు దాదాపు 40 శాతం తక్కువగా నమోదైంది.

మెట్టు మెట్టుగా లైసెన్సు

కొత్త డ్రైవర్ల ప్రమాదాల్లో ఎక్కువ భాగం, తోడు లేకుండా నడపడం మొదలుపెట్టిన తొలి నెలల్లోనే జరుగుతాయి. ఈ తొలి నెలలను తక్కువ ప్రమాదమున్న పరిస్థితుల్లో గడిపేలా చేయడానికి న్యూజీలాండ్ 1987లో దశలవారీ లైసెన్సు విధానం తెచ్చింది. మొదట పెద్దవారి తోడుతో మాత్రమే నడపాలి. రెండో దశలో ఒంటరిగా నడపవచ్చు కానీ రాత్రి 10 నుంచి తెల్లవారి 5 దాకా కుదరదు, తోటి పిల్లలను ఎక్కించుకోవడానికీ వీల్లేదు. ఆ తర్వాతే పూర్తి లైసెన్సు. 1996లో ఫ్లోరిడాతో మొదలై ఈ విధానం ఏదో ఒక రూపంలో అమెరికా రాష్ట్రాలన్నిటికీ పాకింది. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న న్యూజెర్సీలో ఈ దశల్లో ఉన్న 21 ఏళ్ల లోపు వారి కారు నంబరు ప్లేటుకు 2010 నుంచి ఎర్ర స్టిక్కరు అంటించాలి. స్నేహితులు, చీకటి అన్న రెండు ముప్పులనూ కొత్త డ్రైవరుకు కొంతకాలం దూరంగా ఉంచడమే ఈ నిబంధనల ఉద్దేశం.

మన దగ్గర ఉన్న ఖాళీ

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం బండి నడపడానికి 18 ఏళ్లు నిండాలి. 16 ఏళ్లకు, తల్లిదండ్రుల లిఖిత అంగీకారంతో, 50 సీసీ మించని గేర్లు లేని బండికి మాత్రమే లైసెన్సు వస్తుంది. షోరూముల్లో ఇప్పుడు కనిపించే పెట్రోలు స్కూటర్లు చాలావరకు 100 నుంచి 125 సీసీవి. కాబట్టి ఇంటర్ విద్యార్థి ఇంట్లో స్కూటర్ తీసుకుని కాలేజీకి వెళ్తే అది చట్టవిరుద్ధమే. 2019లో చేర్చిన 199ఎ సెక్షన్ ప్రకారం మైనరు చేసిన నేరానికి తల్లిదండ్రులు లేదా బండి యజమాని బాధ్యులు. మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. పైగా బీమా సంస్థ బాధితులకు పరిహారం చెల్లించినా, ఆ డబ్బును యజమాని నుంచి వసూలు చేసుకునే వీలుంది.

250 వాట్ల లోపు మోటారుతో గంటకు 25 కిలోమీటర్లు మించని ఎలక్ట్రిక్ స్కూటర్లకు లైసెన్సు అక్కర్లేదు. పై లెక్క ప్రకారం ఆ వేగం రెండున్నర మీటర్ల ఎత్తు నుంచి పడటంతో సమానం. కాబట్టి వాటి మీద కూడా హెల్మెట్ అవసరమే. కంట్రోలర్ మార్చి వేగం పెంచితే ఆ మినహాయింపు వర్తించదు.

చట్టం పిల్లలను ఆపుతుంది, ఆపడం సరైనదే. అయితే 16 నుంచి 18 మధ్య నేర్చుకోవడానికి మన వ్యవస్థ పెద్దగా ఏమీ ఇవ్వదు. 18 నిండాక ఆర్టీఓ ట్రాక్ మీద ద్విచక్ర వాహనానికి ఎనిమిది అంకె ఆకారంలో, కారుకు ఇంగ్లిషు హెచ్ ఆకారంలో నడిపి చూపిస్తే లైసెన్సు చేతికొస్తుంది. ఆ ట్రాక్ మీద బస్సు ముందు నుంచి ఎవరూ రారు, వెనక సీట్లో స్నేహితులు ఉండరు. 2021 జులై నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల్లో కారు కోర్సుకు 29 గంటలు నిర్దేశించాయి. వాటిలో 8 గంటలు థియరీ. సిమ్యులేటరు, ప్రత్యేక ట్రాక్ తప్పనిసరి. ఇది మంచి మొదలు. స్వీడన్ పిల్లలు సాధన చేసిన గంటలతో పోలిస్తే ఇంకా దూరం ఉంది.

ఇంట్లో మొదలుపెట్టగలిగేది

పసిగట్టడం నేర్పడానికి లైసెన్సూ అక్కర్లేదు, బండీ అక్కర్లేదు. పదిహేనేళ్ల పిల్లలను వెనక కూర్చోబెట్టుకుని వెళ్తున్నప్పుడు, బస్సులోనో ఆటోలోనో ముందు సీట్లో ఉన్నప్పుడు, "ఇప్పుడు ఎక్కడ నుంచి ఏం రావచ్చు?" అని అడగండి. మొదట్లో కనిపిస్తున్నవే చెబుతారు. కొన్ని నెలల్లో కనిపించనివి చెప్పడం మొదలుపెడతారు. మీరు నడిపే తీరునూ వాళ్లు చూస్తున్నారని గుర్తుంచుకోండి.

హెల్మెట్ ఎందుకో లెక్కతో చెప్పండి. లోపలి థర్మకోల్ పొర నలిగి, తల ఆగే దూరాన్ని కొన్ని మిల్లీమీటర్ల నుంచి రెండు మూడు సెంటీమీటర్లకు పెంచుతుంది. 3 మిల్లీమీటర్లలో ఆగే తల 25 మిల్లీమీటర్లలో ఆగితే దాని మీద పడే సగటు బలం ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. హెల్మెట్ వల్ల తలకు దెబ్బ తగిలే ముప్పు 69 శాతం, మరణం ముప్పు 42 శాతం తగ్గుతాయని అనేక అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలో తేలింది. 2022లో మన దేశంలో హెల్మెట్ లేకుండా చనిపోయినవారు 50,029 మంది. పట్టీ బిగించని హెల్మెట్ తల కన్నా ముందే ఎగిరిపోతుంది.

"ముందు బ్రేకు వేస్తే పడిపోతావు" అన్న పాత మాటను సరిచేయండి. బ్రేకు వేయగానే భారం ముందు చక్రం మీదికి జరుగుతుంది, కాబట్టి ఆపే శక్తిలో ఎక్కువ భాగం అక్కడే ఉంటుంది. వెనక బ్రేకు ఒక్కటే గట్టిగా వేస్తే చక్రం బిగుసుకుని జారుతుంది. బండి తిన్నగా ఉన్నప్పుడు రెండు బ్రేకులూ కలిపి, క్రమంగా ఒత్తిడి పెంచుతూ నొక్కాలి. 2019 ఏప్రిల్ నుంచి కొత్తగా వస్తున్న 125 సీసీ, అంతకన్నా చిన్న బండ్లలో ఒక లివరు నొక్కితే రెండు చక్రాలకూ బ్రేకు పడే ఏర్పాటు, లేదా ఏబీఎస్ ఉండటానికి కారణం ఇదే.

18 నిండి లైసెన్సు వచ్చాక కూడా మీ ఇంటికి మీరే ఒక దశలవారీ విధానం పెట్టుకోవచ్చు. మొదటి మూడు నెలలు పగలే, తెలిసిన దారుల్లోనే, వెనక ఎవరినీ ఎక్కించుకోకుండా. తర్వాత మూడు నెలలు ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని. ఆ తర్వాత చీకటి, వాన, హైవే. వానలో మొదటిసారి నడిపేటప్పుడు వెనక మీరు కూర్చోండి. తొలి ఆరు నెలలు ఇలా గడిస్తే, కొత్త డ్రైవర్లకు అత్యంత ప్రమాదకరమైన కాలాన్ని మీ పిల్లలు తోడుతో, పగటి వెలుగులో దాటినట్టే.